జన్యుమార్పిడి చేసిన పండ్లు తినవచ్చా? మన దేశంలో ఎందుకు దొరకవు?

తినవచ్చు. నేను తింటాను. అయితే మీరు తినేవారి వైపు నుంచి అడిగారు, నేను పండించేవాడిని కనుక నా జవాబు చేను గట్టు మీద నుంచి వస్తుంది.

అనంతపురం జిల్లాలో మాకు రెండెకరాల బొప్పాయి తోట ఉండేది. నర్సరీ నుంచి రెడ్ లేడీ నారు తెచ్చి, డ్రిప్పు పరిచి, ఎకరాకు వెయ్యి మొక్కల చొప్పున నాటాము. కాయ ఊరుతున్న రోజుల్లో, ఒక ఉదయం నీళ్లు వదలడానికి వెళ్లిన మా నాయన ఒక చెట్టు దగ్గర ఆగిపోయారు. లేత ఆకులు దారాల్లా సన్నబడ్డాయి, కాడల మీద నూనె పూసినట్లు చారలు పడ్డాయి, కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు లేచాయి. అది రింగ్‌స్పాట్ వైరస్. పేనుబంక ఒక చెట్టు రసం కాసేపు పీల్చి పక్క చెట్టు మీద వాలితే చాలు, తెగులు అంటుకుంటుంది కనుక, మందు తగిలి పురుగు చచ్చేలోపే జరగవలసింది జరిగిపోతుంది. అయినా పట్టణంలోని మందుల దుకాణదారు మాకు మూడు రకాల సీసాలు అంటగట్టాడు. వైరస్‌ను చంపే మందే లేదన్న సంగతి బిల్లు కట్టిన తరువాతే తెలిసింది. రెండు నెలలకు తోటంతా పసుపుబారింది. "ఇంగ ఇది మనది కాదురా, పెరికేయి" అన్నారు నాయన. కాయలతో సహా నరికి గుంతలో పూడ్చాము.

ఇదే వైరస్ 1992లో హవాయిలోని పునా ప్రాంతపు తోటల మీద పడింది. అప్పటికే డెనిస్ గొన్సాల్వెస్ అనే శాస్త్రవేత్త బృందం ఆ వైరస్ పైతొడుగు ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువును బొప్పాయిలో చొప్పించి, తెగులును తట్టుకునే మొక్కను తయారు చేసి ఉండడంతో, 1998లో 'రెయిన్‌బో' విత్తనాలు రైతుల చేతికి అందాయి. ఆ ప్రోటీన్‌ను చూసి భయపడేవారికి ఒక మాట: వైరస్ సోకిన మామూలు కాయలోనూ అదే ఉంటుంది, కాబట్టి సంతలో మచ్చల బొప్పాయి కొన్నవారంతా దాన్ని ఏనాడో తినేశారు.

అయితే హవాయి విత్తనం ఇక్కడ నాటితే లాభం లేదు. దాని రక్షణ ఆ దీవుల వైరస్ రకానికే కుదిరింది. మన వైరస్‌కు మనవారే తయారు చేయాలి. 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయను ఆపిన తరువాత, అలాంటి పండు గాని కూరగాయ గాని ఒక్కటీ మన రైతు పొలానికి రాలేదు. ఆ వంకాయనే బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి పండిస్తున్నారు. పరీక్షలు వద్దని నేను అనను. పరీక్షించడానికే జంకడం ఏమి జాగ్రత్త?

జీనోమ్ ఎడిటింగ్ వేరే దారి. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2016లో కీరా దోసలో ఉన్న జన్యువునే కాస్త కత్తిరించి, వైరస్‌కు ఆసరా లేకుండా చేశారు. అది తట్టుకున్న వైరస్‌లలో రింగ్‌స్పాట్‌కు చెందిన దోసజాతి రకమూ ఉంది. పరాయి జన్యువు మిగలని ఇటువంటి మొక్కలకు మన ప్రభుత్వం 2022 మార్చిలో నిబంధనలు సడలించింది. 2025 మేలో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని ఎడిట్ చేసిన 'కమల'ను ప్రకటించింది కూడా. వరికి దొరికిన శ్రద్ధ బొప్పాయికి ఎందుకు దొరకదు? తోట రైతు అంటే డబ్బున్నవాడని అధికారులకు ఒక అపోహ ఉంది, అదే కారణమని నా నమ్మకం.

అటువంటి నారు వస్తే మొదటి కాయ మా ఇంట్లోనే కోస్తాము. అంతవరకు ఆ రెండెకరాల్లో వేరుశనగే.