ఖాళీ టేబుల్ కాలమ్‌లు తీయడం తేలికే, అండర్‌స్కోర్ దగ్గరే జాగ్రత్త

జావాలో సెలెక్ట్ నడిపి, మొదటి వరుస చదివి కాలమ్ పేర్లు తీస్తున్నామనీ, టేబుల్ ఖాళీగా ఉంటే ఏమీ దొరకట్లేదనీ అడిగారు. అసలు వరుసలతో పనే లేదు. "సెలెక్ట్ * ఫ్రమ్ ఎంప్ వేర్ 1=0" అని (ఎంప్ అనేది టేబుల్ పేరు, 1=0 ఎప్పుడూ నిజం కాని షరతు) నడిపి, వచ్చిన రిజల్ట్‌సెట్ మీద గెట్‌మెటాడేటా పిలవండి. ఒక్క వరుస రాకపోయినా కాలమ్‌లన్నీ కనిపిస్తాయి. లెక్క 1 నుంచి మొదలవుతుంది, 0 నుంచి కాదు. క్వెరీలో యాజ్ పెట్టి పేరు మార్చి ఉంటే గెట్‌కాలమ్‌లేబుల్ వాడండి. పేరూ టైపూ చాలనుకుంటే మీ పని ఇంతటితో అయిపోయింది.

డిఫాల్ట్ విలువ, కామెంట్ లాంటివి కూడా కావాలంటే డేటాబేస్‌మెటాడేటాలో ఉన్న గెట్‌కాలమ్స్ పిలవాలి. దానికి క్యాటలాగ్ (డేటాబేస్ స్థాయి పేరు), స్కీమా (టేబుళ్ల గుంపు పేరు), టేబుల్, కాలమ్ అని నాలుగు ఆర్గ్యుమెంట్లు. చాలా ట్యుటోరియల్స్ మూడింటికి నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇచ్చి, టేబుల్ పేరు ఒక్కటి రాసి "అంతే" అంటాయి. నేర్చుకునేవాళ్లను ఇలా సగం దారిలో వదిలేయడం చాలా తప్పు. ఎందుకంటే ఆ మూడో ఆర్గ్యుమెంట్‌ని డ్రైవర్ (జావాను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) లైక్ ప్యాటర్న్‌లా, అంటే పోలికతో వెతికే నమూనాలా చదువుతుంది. లైక్‌లో అండర్‌స్కోర్ అంటే "ఏదో ఒక అక్షరం", పర్సెంట్ అంటే "ఎన్ని అక్షరాలైనా".

ఒక డేటాబేస్‌లో ఎంప్_బాక్ అనే టేబుల్ ఉంది, 14 కాలమ్‌లు. ఇంకోసారి బ్యాకప్ తీసినవాళ్లు కొత్తదానికి ఎంప్2బాక్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎంప్_బాక్ అని అడిగితే రెండు టేబుళ్లూ ప్యాటర్న్‌కి సరిపోతాయి, కాలమ్‌కి ఒకటి చొప్పున 28 వరుసలు వస్తాయి. వాటితో ఇన్సర్ట్ స్టేట్‌మెంట్ కట్టే ప్రోగ్రామ్ ఒకే కాలమ్‌ని రెండుసార్లు రాస్తుంది, డేటాబేస్ ఎర్రర్ ఇస్తుంది. నిన్నటిదాకా నడిచిన కోడ్, ఎవరూ ముట్టుకోని కోడ్! వెతికేవాళ్లు కోడ్‌లోనే వెతుకుతారు, పక్కన పుట్టిన టేబుల్ సంగతి తట్టదు. బ్యాకప్ టేబుళ్లను అసలు డేటాబేస్‌లో పోగేసే అలవాటు మానుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

మందు రెండు పూటలా వేయాలి. గెట్‌సెర్చ్‌స్ట్రింగ్‌ఎస్కేప్ ఇచ్చే గుర్తును (చాలా డ్రైవర్లలో బ్యాక్‌స్లాష్) పేరులోని ప్రతి అండర్‌స్కోర్ ముందూ, పర్సెంట్ ముందూ చేర్చండి, అప్పుడు డ్రైవర్ వాటిని మామూలు అక్షరాలుగానే చూస్తుంది. పేరులో ఆ గుర్తే ఉంటే ముందుగా దాన్ని రెట్టింపు చేయండి. తర్వాత వచ్చిన ప్రతి వరుసలోనూ టేబుల్_నేమ్ మీరు అడిగిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో ఈక్వల్స్‌తో చూడండి. స్కీమా పేరును కూడా అలాగే సరిచూడాలి. ఆ కాలమ్ పేరు టేబుల్_స్కెమ్, చివర ఏ ఉండదు. ఏ కలిపి రాసి గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

మొదటి రెండు ఆర్గ్యుమెంట్లకు నల్ ఇవ్వకండి. కనెక్షన్ మీద గెట్‌క్యాటలాగ్, గెట్‌స్కీమా పిలిచి వచ్చింది ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్ పేరు క్యాటలాగ్ స్థానంలోకి వెళ్తుంది. దాని జావా డ్రైవర్ అయిన కనెక్టర్ 5.1లో నల్ అంటే ప్రస్తుత డేటాబేస్, 8.0 నుంచి అన్ని డేటాబేస్‌లూ. అప్‌గ్రేడ్ చేయగానే కాలమ్‌లు రెట్టింపయ్యాయంటే ముందు ఇక్కడ చూడండి.

అసలు ఏమీ రాకపోతే పేరులో ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడండి. కోట్స్ లేకుండా సృష్టించిన పేర్లను ఒరాకిల్ పెద్ద అక్షరాల్లోకి, పోస్ట్‌గ్రెస్ చిన్న అక్షరాల్లోకి మార్చి దాచుకుంటాయి. తేడాగా ఇస్తే ఎర్రర్ రాదు, ఖాళీ రిజల్ట్‌సెట్ వస్తుంది. స్టోర్స్‌అప్పర్‌కేస్‌ఐడెంటిఫయర్స్ అడిగి, దాన్నిబట్టి పేరు మార్చుకోండి. ఒరాకిల్‌లో కామెంట్లు కావాలంటే రిమార్క్స్‌రిపోర్టింగ్ ఆన్ చేయాలి, లేకపోతే నల్ వస్తుంది.

టైపుల్లో కూడా డ్రైవర్ మాటను గుడ్డిగా నమ్మొద్దు. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్‌కి కాలమ్_సైజ్ 2147483647 అని వస్తుంది. ఆ అంకెతోనే వేరే డేటాబేస్‌లో వార్‌చార్ (అక్షరాలు దాచే కాలమ్) సృష్టించబోతే కుదరదు. మైఎస్‌క్యూఎల్ టైనీఇంట్(1) మామూలు సెట్టింగ్‌లో బిట్‌గా, అంటే అవును/కాదు విలువగా కనిపిస్తుంది. అందులో 0, 1 కాకుండా 2, 3 లాంటి విలువలు దాస్తుంటే కనెక్షన్ యూఆర్ఎల్‌లో టైనీఇంట్1ఈజ్‌బిట్‌ని ఫాల్స్ చేయండి.