నాన్న మీద పుస్తకం వేస్తానన్న అమ్మాయికి బాబాయి ఉత్తరం

తల్లీ,

నాన్న సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం వేయించి ఊళ్లో పంచుతానని ఫోన్లో అన్నావు. అప్పుడు నేను విజయనగరం బస్టాండు కాంప్లెక్స్‌లో ఉన్నాను, ఆ హారన్ల గోలలో సగం వినపడలేదు, మిగతా సగానికి ఊఁ కొట్టాను. అందుకే ఇప్పుడు తీరుబడిగా రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకు, రిటైరైన హవల్దారుకి ఇంకేం పనుంటుంది.

ముందు ఆ ఫ్లెక్సీ సంగతి తేల్చేద్దాం. పెద్దకర్మ రోజు మన కుర్రాళ్లు 'కార్గిల్ వీరుడు' అని కట్టారు చూడు, అభిమానంతోనే కట్టారు, కాదనను. కానీ మీ నాన్న కార్గిల్ వెళ్లలేదు. అది 1999 మే నుంచి జూలై దాకా జరిగింది, అప్పటికే ఆయన ఇంటికొచ్చేసి బొబ్బిలిలో బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడుతున్నాడు. పోనీ 1971 అందామా అంటే ఆ యుద్ధం డిసెంబర్ 16న ముగిసింది, మేమిద్దరం నాసిక్ రోడ్ క్యాంపులో గన్నర్లుగా, అంటే ఆర్టిలరీ (ఫిరంగి దళం) సిపాయిలుగా, ట్రైనింగుకి దిగింది 1974లో. రెండు యుద్ధాలకూ నడుమ పడిన సర్వీసు మాది. ఇది ఉన్నదున్నట్టు రాయి. యుద్ధం లేని ఏళ్లలో కూడా సరిహద్దులో రాత్రంతా ఎవడో ఒకడు మేలుకుని ఉండాలి కదా, ఆ ఎవడో ఒకడు మీ నాన్న. లేని యుద్ధం ఒకటి తగిలించావంటే ఉన్న సర్వీసు కూడా ఎవరూ నమ్మరు, పైగా మా బ్యాచ్ వాళ్లు చదివి నవ్వుతారు. ఆయనే ఉంటే నవ్వేవాడు కాదు, నిచ్చెన తెచ్చి ఫ్లెక్సీ దింపేసేవాడు.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, అటక మీద నల్ల ట్రంకుపెట్టెతో. మూత మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాసుంటాయి. లోపల డిశ్చార్జ్ బుక్ ఉంటుంది. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగాడు, ఏ ట్రేడు, ఏ మెడల్స్, ఒంటి మీద పుట్టుమచ్చలు, చివర్లో నడవడి ఎలా ఉందని ఆఫీసరు రాసిన మాట, అన్నీ అందులోనే. జిరాక్స్ తీసుకుని అసలుది వెంటనే మీ అమ్మకి ఇచ్చేయి. ఫ్యామిలీ పెన్షన్‌కీ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆవిడ కార్డుకీ అది కావాలి. ఆ అసలు కాగితాలేవీ ప్రింటింగ్ ప్రెస్సు వాడి బల్ల మీదకి వెళ్లకూడదు, చెప్పానంటే చెప్పాను.

అందులో ఊరి చిరునామా కింద శ్రీకాకుళం జిల్లా అని ఉంటే తప్పనుకుని దిద్దేవు. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979లో, మేం చేరినప్పుడు బొబ్బిలి తాలూకా శ్రీకాకుళం కిందే ఉండేది.

మెడల్స్ అంచు చుట్టూ సన్నగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి, భూతద్దం పెట్టి చూడు. 1997లో స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండినప్పుడు ఇచ్చిన మెడల్ సర్వీసులో ఉన్నవాళ్లందరికీ వచ్చింది, దాన్ని గొప్పగా చెప్పకు. హై ఆల్టిట్యూడ్ మెడల్ మాత్రం ఊరికే రాదు, తొమ్మిది వేల అడుగులకు పైన నెలల తరబడి ఉండాలి. బొబ్బిలి ఎండల్లో పెరిగిన మనిషికి అక్కడ ముక్కులోంచి రక్తం కారేది, మీకెవరికీ చెప్పి ఉండడు. ఫొటోల వెనక తేదీ లేదని బెంగపడకు. చేతి మీద చారలు లెక్కపెట్టు. ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ఏ ర్యాంకు ఎప్పుడొచ్చిందో కాగితాల్లో చూసుకుంటే ఫొటో ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది. కాగితాలే చాలకపోతే ఆర్టిలరీ రికార్డ్స్ ఆఫీసు నాసిక్ రోడ్ క్యాంపులోనే ఉంది, ఆర్మీ నంబరు వేసి మీ అమ్మ పేరు మీద ఉత్తరం పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా సిపాయి గురించి. మీ నాన్న గురించి ఎక్కడ దొరుకుతుందంటే ఉత్తరాల్లో, సెలవుల్లో.

మాకు ఏడాదికి రెండు నెలలు యాన్యువల్ లీవు, ముప్పై రోజులు క్యాజువల్. అందరూ సంక్రాంతికి కావాలని కొట్టుకునేవారు. మీ నాన్న ఒక్కడూ ఉభాల టైముకి, అదే వరినాట్లప్పటికి, అడిగేవాడు. ఎందుకంటే మీ తాతకి నడుము వంగదు, కూలీలకి డబ్బులుండవు, మీ అమ్మ చంటిపిల్లతో ఒక్కర్తే. అందరూ పండక్కి కొత్త బట్టలేసుకుని బండెక్కుతుంటే ఈయన బ్యారక్‌లో వాళ్ల డ్యూటీలు కూడా చేసి, వానాకాలంలో ఇంటికొచ్చి బురదలో దిగేవాడు. మళ్లీ బయల్దేరేటప్పుడు ట్రంకులో చోడిపిండి (రాగిపిండి) మూట ఒకటి. అక్కడ అంబలి కాచుకుని తాగుతుంటే పంజాబీలు వింతగా చూసేవారు.

కాబట్టి ఒక పెద్ద కాగితం తీసుకుని నడిమికి గీత గియ్యి. ఒకవైపు ఏ ఏడాది ఏ యూనిట్, ఎక్కడ. రెండోవైపు ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగింది. నువ్వు పుట్టడం, తమ్ముడికి పచ్చకామెర్లు, పెంకుటిల్లు తీసి స్లాబు వేయడం, తాత పోవడం. రెండువైపులా చూస్తే ఆయన దగ్గర లేని రోజులెన్నో కనపడతాయి. ఆ రోజులు ఎవరు మోశారో అక్కడ మీ అమ్మ చేత చెప్పించు. ఆవిడ లేకుండా ఆ పుస్తకం సగమే. 'నాకేం తెలుసమ్మా' అంటుంది, వదిలేయకు. 'నాన్న గురించి చెప్పమ్మా' అని ఎదురుగా కూర్చుంటే ఎవరికీ మాట రాదు. 'మనియార్డర్ రాని నెల ఏం చేశావు' అని అడుగు, 'ఆయన దిగిన రోజు ఏం వండేదానివి' అని అడుగు, ఫోన్ రికార్డింగులో పెట్టి చిక్కుళ్లు ఒలుస్తూ విను.

ఉత్తరాలు పోస్టు ముద్ర తేదీ చూసి వరసగా పేర్చు. చిరునామాలో ఊరి పేరుండదు, 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. 99 అయితే తూర్పు వైపు, అస్సాం అటు. 56 అయితే ఉత్తరం, పడమర. నాకు గుర్తున్న ఉత్తరం ఒకటుంది. నువ్వు పుట్టావని తంతి వచ్చిన నాడు మీ నాన్న యూనిట్ క్లర్కు వెంటపడి మరీ నీ పేరు, పుట్టిన తేదీ పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే ఇంటి వివరాలు ఎక్కించే సర్వీసు కాగితంలో, ఎక్కించుకున్నాడు. చాలామంది మా వాళ్లు 'తర్వాత చూద్దాంలే' అనుకుని, పిల్లల పేరొకటి కాగితాల్లో ఇంకొకటి అయి, ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఆ రాత్రి నా పక్క మంచం మీద కూర్చుని మీ అమ్మకి ఉత్తరం రాస్తూ, పిల్లకి నూనె రాసేటప్పుడు ముక్కు గట్టిగా నొక్కొద్దని చెప్పాడు. అది దొరికితే మొదటి పేజీలో వేయి. మొగుడూపెళ్లాల మాటలున్నవి మాత్రం మీ అమ్మ ఒప్పుకుంటేనే, ఒప్పుకోకపోతే చదవను కూడా చదవకు.

ఆయన కోపం కూడా రాయి. దుప్పటి నలుచదరంగా మడతపెట్టలేదని తమ్ముణ్ణి ఎండలో నిలబెట్టిన సంగతి ఊరంతా ఎరుగుదురు, దాచితే ఎవరికో రాసినట్టుంటుంది. రమ్ము కూడా, కాకపోతే రెండు లైన్లు చాలు. రిటైరయ్యాక కుర్రాళ్లని తెల్లారుజామున రోడ్డు మీద పరిగెత్తించేవాడు కదా, ఆర్మీకి సెలెక్టయిన వాళ్లలో ముగ్గురునలుగురికి ఫోన్ చెయ్యి. 2014లో హుద్‌హుద్ తుఫానుకి చెట్లు పడిపోయి కరెంటు లేని రోజుల్లో వీళ్లందరినీ వెంటేసుకుని రంపంతో దారి చేయించింది ఆయనే.

వంద పేజీలొద్దు, నలభై చాలు. ఎమ్మెల్యే ముందుమాట అసలే వద్దు. ప్రెస్సుకి ఇచ్చే ముందు నాకు ఒకసారి పంపించు, ర్యాంకులు, యూనిట్ పేర్లు చూసి పెడతాను. ఈ హడావుడిలో పడి నవంబర్‌లో మీ అమ్మ లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోయేవు, పెన్షన్ ఆగిపోతుంది.

ఉంటాను,
బాబాయి