రోస్ట్ బీఫ్ స్లైడర్స్ ఓవెన్‌లో చేస్తే అడుగు బన్ను ముద్దయిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మీరు అడిగినవి రెండు. స్లైడర్స్, అంటే చిన్న బన్నుల్లో మాంసం, చీజ్ పెట్టి చేసే శాండ్‌విచ్‌లు, పైకి బంగారు రంగులో బాగానే వస్తున్నాయి గానీ అడుగు బన్ను తడిసి ముద్దవుతోందని ఒకటి, ముంచుకు తినే సాస్ నోట పెట్టలేనంత ఉప్పగా వస్తోందని ఇంకొకటి. రెండూ నాకు జరిగాయండి, అదీ ఒకే రోజు. ఇంటికి పదిమంది దాకా వచ్చారు. మా తమ్ముడు ట్రేలోంచి మొదటి స్లైడర్ ఎత్తితే పై బన్ను, చీజ్, మాంసం అతని చేతిలోకి వచ్చాయి, కింది బన్ను ట్రేకి అంటుకుని అక్కడే ఉండిపోయింది. అట్లకాడతో గీకి తీస్తే పచ్చి పిండిలా వచ్చింది. సాస్ అందరూ ఒక్కసారి ముంచి, గిన్నెలు పక్కకి జరిపేశారు. ఎంతో ఇష్టంగా పొద్దున్నుంచీ చేసిన వంట అలా అయ్యేసరికి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత పదిహేను సార్లన్నా చేసి ఉంటాను. నాకు అర్థమైందేమిటంటే ఈ వంటలో చూసుకోవాల్సింది నీళ్లని. ప్యాకెట్‌లోంచి తీసిన మాంసం నీరు వదులుతుంది, ఉల్లిపాయ వదులుతుంది, పైన పూసే వెన్నలో కూడా ఆరో వంతు దాకా నీరే. ఇవన్నీ కిందికి దిగి మెత్తటి బన్నులో చేరతాయి. తడి అంతా గిన్నెలో సాస్‌గా ఉండాలి, ట్రేలోకి మాత్రం రాకూడదు. నేను చేసే ప్రతి పనీ ఇందుకోసమే.

బన్నుల దగ్గర మొదలుపెడతాను. ఒకదానికొకటి అతుక్కుని 12 ఉండే తియ్య బన్నుల పలకని విడదీయకుండా, రంపపు పళ్ల కత్తితో మొత్తంగా అడ్డంగా కోయండి. ముందు ఒక ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కత్తి పక్కదారి పట్టకుండా సాఫీగా వెళ్తుంది. తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. కింది పలకని కోసిన వైపు పైకి పెట్టి, ఏమీ పెట్టకుండా, 175 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 5 నిమిషాలు ఉంచండి. రంగు మారక్కర్లేదు. వేలితో తాకితే పైన పొడిగా, కాస్త గరుకుగా తగలాలి, అంతే. ఆ పొడి పొర ఉంటే మాంసం నుంచి దిగే నీరు తొందరగా లోపలికి ఇంకదు.

దాని మీద నేరుగా మాంసం పెట్టొద్దు. ముందు చీజ్ స్లైసులు, దాని మీద మాంసం, ఉల్లిపాయలు, పైన మళ్లీ చీజ్. కింది చీజ్ కరిగి బన్నుకి లప్పం పూసినట్టు అతుక్కుంటుంది, తడిని అడ్డుకుంటుంది. పై చీజ్ పై బన్నుని పట్టి ఉంచుతుంది. ప్రొవొలోన్ నాకు బాగా నచ్చింది, స్విస్ కూడా బాగుంటుంది. 12 బన్నులకి కింద 6, పైన 6 స్లైసులు సరిపోతాయి. నీళ్లలో ఉంచి అమ్మే తాజా మోజరెల్లా మాత్రం వాడకండి, అది కరిగితే చీజ్ కంటే ముందు నీళ్లే వస్తాయి.

మాంసం సంగతి. కోసి అమ్మే రోస్ట్ బీఫ్ అయితే 450 గ్రాములు చాలు. ఎంత పల్చగా కోయించుకుంటే అంత మంచిది. మందంగా ఉంటే మొదటి కొరుకుకే ముక్క మొత్తం బయటికి జారి వచ్చేస్తుంది, మిగతా అంతా ఉత్త బన్ను. ప్యాకెట్ తెరిచి, పేపర్ టవల్ మీద పరిచి, పైన ఇంకో పేపర్ వేసి అద్ది, పది నిమిషాలు అలాగే వదిలేయండి. పేపర్ ఎంత తడుస్తుందో చూస్తే మీకే అర్థమవుతుంది, ఆ నీరంతా ఇన్నాళ్లూ ఎక్కడికి పోయిందో. పెట్టేటప్పుడు చాపలా పరవకుండా, చీర కుచ్చిళ్లు పోసినట్టు మడతలు మడతలుగా పెట్టండి. మడతల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి వేడి లోపలికి త్వరగా వెళ్తుంది, మాంసం గట్టిపడకముందే చీజ్ కరుగుతుంది.

ఇంట్లోనే రోస్ట్ చేయాలనుకుంటే వెనక తొడ వైపు, కొవ్వు తక్కువ ఉండే ముక్క తీసుకోండి. ముందు రోజే కిలోకి 12 గ్రాముల ఉప్పు, మిరియాల పొడి రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు బాణలిలో నాలుగు వైపులా ఎర్రగా కాల్చి, 120 డిగ్రీల ఓవెన్‌లో నిదానంగా ఉడకనివ్వాలి. ఎన్ని నిమిషాలని నన్ను అడగొద్దు, ముక్క మందాన్ని బట్టి మారిపోతుంది. థర్మామీటర్ గుచ్చి చూడటమే. పెద్ద ముక్కగా ఉన్న బీఫ్‌కి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క లోపల 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాలు కదపకుండా ఉంచడం. రెస్టారెంట్లలో ఇంకా తక్కువకే తీసేస్తారు గానీ, మా ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు తింటారు కాబట్టి నేను 63 చూశాకే తీస్తాను. వేడి మీద కోయకండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా గట్టిగా ఉన్నప్పుడు పోగులకు అడ్డంగా కోస్తే కాగితంలా వస్తుంది. పోగుల వెంబడి కోస్తే ఎంత పల్చగా ఉన్నా నమలలేం. రోస్ట్ చేసిన ట్రేలో దిగిన రసాన్ని మాత్రం పారేయొద్దు, పైన తేలిన కొవ్వు తీసేసి సాస్‌లో కలపండి.

ఇక ఉల్లిపాయలు. ఈ వంటకి రుచి ఇక్కడే పుడుతుందని నా నమ్మకం. రెండు పెద్ద ఉల్లిపాయలు నిలువుగా సన్నగా తరిగి, ఒక టేబుల్ స్పూన్ వెన్న, చిటికెడు ఉప్పు వేసి, అడుగు మందంగా ఉన్న బాణలిలో సన్న సెగ మీద పెట్టండి. పది నిమిషాల్లో అయిపోతుందని రాసే వాళ్లని నమ్మకండి, 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మొదటి పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది. ముక్కలు వాడి, నీరు ఊరి, బాణలి నిండా బుడబుడమంటూ ఉంటుంది. ఆ నీరు ఇగిరిపోయాక శబ్దం మారుతుంది, బుడబుడ కాస్తా సన్నటి చిటపట అవుతుంది. అక్కణ్ణుంచి పక్కనే ఉండాలి. బాణలి అడుగున గోధుమ రంగు పొర కట్టడం కనిపించగానే ఒక చెంచా నీళ్లు చిలకరించి, చెక్క గరిటతో గీకితే ఆ రంగంతా ముక్కలకి పట్టేస్తుంది. మళ్లీ పొర కడుతుంది, మళ్లీ నీళ్లు, మళ్లీ గీకడం. అలా నాలుగైదు సార్లు అయ్యాక ఉల్లిపాయ పిడికెడంత అవుతుంది, జామ్‌లాగా మెరుస్తుంది. అప్పటికి దానిలో నీరు మిగలదు. సగం వేగిన ఉల్లిపాయ వేస్తే అది ఓవెన్‌లో మిగతా నీరంతా బన్నులోకి వదులుతుంది. మీ బన్నులు తడవడానికి ఇదే కారణమేమో ఒకసారి చూసుకోండి, నాకైతే సగం తప్పు ఇక్కడే జరిగింది.

ఉల్లిపాయలు తీసేశాక బాణలిని కడగొద్దు, సాస్ అందులోనే.

సాస్ గురించి చెప్పేముందు ఒక మాట. దీన్ని ఓ జు అంటారు, ఫ్రెంచ్‌లో దాని స్వంత రసంతో అని అర్థం. గ్రేవీలా చిక్కగా ఉండేది కాదు, పల్చగా ఉండాలి కాబట్టి మైదా, కార్న్‌ఫ్లోర్ వేయకండి. ఈ స్లైడర్స్‌కి మూలం అమెరికాలోని ఫ్రెంచ్ డిప్ అనే శాండ్‌విచ్. పేరులో ఫ్రెంచ్ ఉన్నా పుట్టింది లాస్ ఏంజెలెస్‌లో. అక్కడ ఫిలిప్స్, కోల్స్ అనే రెండు హోటళ్లు, రెండూ 1908లో మొదలైనవే, మేమే కనిపెట్టామంటే మేమే అని చెప్పుకున్నాయి. ఫిలిప్స్‌లో బన్నునే రసంలో ముంచి ఇస్తారు. అక్కడ వాడేది పైన పెళుసు పొర ఉన్న ఫ్రెంచ్ రోల్ కాబట్టి తట్టుకుంటుంది. మనం వాడే పాలు, చక్కెర కలిపిన మెత్తటి బన్ను తట్టుకోలేదు. అందుకే కొందరు చెప్పినట్టు ఓవెన్‌లో పెట్టేముందు మాంసం మీద రెండు చెంచాల సాస్ పోయడం నేను పూర్తిగా మానేశాను.

బాణలిలో ఒక టేబుల్ స్పూన్ వెన్న, దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు వేసి వాసన రాగానే ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్, ఒక టీస్పూన్ వూస్టర్ సాస్ (సీసాలో దొరికే పుల్లటి, ఉప్పటి సాస్), కాస్త థైమ్ ఆకు, 480 మిల్లీలీటర్ల బీఫ్ స్టాక్ (మాంసం, ఎముకలు మరిగించి తీసిన రసం) పోయండి. అడుగున మిగిలిన ఉల్లిపాయ రంగు గీకి కలపండి. సన్న సెగ మీద పావుగంట మరిగితే 350 మిల్లీలీటర్ల దగ్గరికి వస్తుంది. వడకట్టండి.

మీ ఉప్పు సమస్య ఈ మరగడంలోనే ఉంది. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. సగానికి మరిగిస్తే ఉప్పదనం రెట్టింపవుతుంది. మామూలు ప్యాకెట్ స్టాక్ అప్పటికే ఉప్పగా ఉంటుంది, దానికి సోయా సాస్, వూస్టర్ సాస్ తోడయ్యాయి, లోపల మాంసంలో ఉప్పుంది, చీజ్‌లో ఉప్పుంది. అందుకని స్టాక్ ఉప్పు లేనిదే కొనండి. స్టాక్ క్యూబ్ వాడితే ప్యాకెట్ మీద చెప్పిన దాంట్లో సగమే వేసి, మరిగించకుండా వేడి చేసి వదిలేయండి. ఉప్పు చివర్లోనే, అదీ అవసరమైతేనే. రుచి చూడ్డం చెంచాతో కాకుండా, చిన్న బన్ను ముక్క ముంచి తిని చూడండి. చెంచాతో కాస్త ఎక్కువ అనిపించింది బన్నుతో సరిగ్గా ఉంటుంది. అప్పటికే ఎక్కువైపోతే టెన్షన్ పడకండి, వేడి నీళ్లు గానీ ఉప్పు లేని స్టాక్ గానీ కొద్దికొద్దిగా కలుపుతూ రండి, చివర్లో చిన్న వెన్న ముక్క వేయండి. బంగాళదుంప ముక్క వేస్తే ఉప్పు లాగేస్తుందని అంటారు. అది పీల్చుకునేది ఉప్పునొక్కదాన్నే కాదు, ఆ ఉప్పు నీళ్లనే, మిగిలింది అంతే ఉప్పగా ఉంటుంది.

పై పలకకి లోపలి వైపు మూడు టేబుల్ స్పూన్ల మయోనైజ్‌లో ఒకటి హార్స్‌రాడిష్ (ఆవాల్లా ముక్కుకెక్కే ఘాటున్న ఒక వేరు తురుము) కలిపి పల్చగా రాస్తాను. ఆ ఘాటు లేకపోతే తియ్య బన్ను, తియ్య ఉల్లిపాయ కలిసి మొహం మొత్తుతుంది. ఘాటు వద్దనుకునే వాళ్లకి ఆవపిండి సాస్ కొద్దిగా.

పైన పూసే వెన్న 60 గ్రాములు కరిగించి, అర టీస్పూన్ వెల్లుల్లి పొడి, ఒక టీస్పూన్ వూస్టర్ సాస్ కలపండి. మొత్తం ఒకేసారి గుమ్మరించకండి. బన్నుల మధ్య సందుల్లోంచి అది నేరుగా ట్రే అడుగుకి దిగుతుంది. బ్రష్‌తో సగం ఇప్పుడు, నువ్వులు చల్లి, మిగతా సగం ఓవెన్ నుంచి తీశాక.

175 డిగ్రీల దగ్గర, ఫాయిల్ వదులుగా కప్పి 15 నిమిషాలు, ఫాయిల్ తీసేసి ఇంకో 5 నుంచి 8 నిమిషాలు. చక్కెర ఉన్న బన్ను కాబట్టి ఫాయిల్ లేకుండా మొదలుపెడితే లోపల చీజ్ కరగకముందే పైన మాడుతుంది. మొదటి నుంచి చివరిదాకా కప్పి ఉంచితే ఆవిరి పోయే దారి లేక మళ్లీ తడే. బయటికి తీశాక 5 నిమిషాలు ఆగి, పలక మొత్తాన్ని ట్రేలోంచి ఎత్తి చెక్క పలక మీదికో జల్లి స్టాండ్ మీదికో మార్చండి. వేడి ట్రేలో అలాగే వదిలేస్తే అడుగున ఆవిరి నీరై, అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది. ఇది నాకు నాలుగోసారికో అయిదోసారికో గానీ తెలియలేదు.

సాస్ పొగలు కక్కుతూ ఉండాలి. ప్రతి మనిషికీ లోతైన చిన్న గిన్నెలో పోసి ఇవ్వండి, వెడల్పు ప్లేట్లో పోస్తే రెండు నిమిషాల్లో చల్లారి పైన కొవ్వు పేరుకుంటుంది.

ముందుగా చేసి పెట్టుకోవాలంటే ఉల్లిపాయలు, సాస్ ముందు రోజే చేయొచ్చు. స్లైడర్స్ మాత్రం ఓవెన్‌లో పెట్టే రెండు మూడు గంటల ముందు పేర్చి, వెన్న రాయకుండా, కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ నుంచి తీసినవైతే ఫాయిల్ కింద ఇంకో 5 నిమిషాలు ఎక్కువ ఉంచాలి. మిగిలినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, 3 రోజుల్లో తినేయాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు ఫాయిల్ కప్పి 160 డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు, లోపల బాగా వేడెక్కేదాకా. మైక్రోవేవ్‌లో పెడితే బన్ను రబ్బరులా సాగుతుంది.

మీరు వాడే ట్రే గాజుదో లోహందో చెప్పలేదు. గాజుది నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి అడుగు కాలదు. ఉంటే 13 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు ఉన్న లోహపు ట్రేకి మారి, ఓవెన్‌లో కింది అరలో పెట్టి చూడండి. గాజుదే ఉంటే బన్నుల పలకని ఖాళీగా కాల్చే ఆ 5 నిమిషాలని 8 చేయండి.