బాణాలూ పెట్టెలూ తర్వాత గీద్దువు గాని

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

జర్నలిజం కోర్సులో మొదటి పేపరు, కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, నోరు తిరగని పేర్లతో నిండి ఉందని బెంబేలెత్తిపోయావట. నేనూ వాటిని బట్టీపట్టే గట్టెక్కాను. పాఠం చెప్పాల్సి వచ్చాక గానీ నాకేమీ తెలియదని తెలిసిరాలేదు.

ఏ సిద్ధాంతం ఎదురైనా, నిర్వచనం జోలికి పోకముందు అది ఎక్కడ, ఎవరికొచ్చిన చిక్కులోంచి పుట్టిందో చూడు. 1948లో షానన్ అనే ఇంజనీరు, సందేశం పంపేచోటి నుంచి అందుకునేచోటికి ఎలా చేరుతుందో చూపుతూ గీసిన బాణాల, పెట్టెల బొమ్మ ఉంది కదా. ఆయన బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధనశాలలో సంకేతాలు తీగ దాటి చెక్కుచెదరకుండా చేరడమెలాగా అని లెక్కలు వేస్తున్న మనిషి. అర్థంతో తన లెక్కకు పనిలేదని ఆయనే రాశాడు. మనవాళ్లు ఆ తీగకు ఇటు అత్తనూ అటు కోడలినీ నిలబెట్టి బొమ్మ గీయమంటారు. మార్కుల కోసం గీయి, నమ్మకు.

1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు సామాజిక శాస్త్రవేత్త లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయోలోని ఈరీ కౌంటీలో 600 మందిని నెలనెలా పలకరించింది. రేడియో, పత్రికలు ఓట్లను ఎలా తిప్పుతాయో చూడాలని వెళ్లారు. తీరా చూస్తే మనసు మార్చుకున్నవాళ్లు కొద్దిమంది. వాళ్లమీద కూడా పత్రికకన్నా పక్కవాడి మాటే ఎక్కువ పనిచేసింది. మీడియా మాట ముందు కొందరికి, వాళ్ల నోటిగుండా మిగతావాళ్లకు చేరుతుందనే ‘రెండంచెల ప్రవాహం’ అక్కడ మొలిచింది.

నాకైతే మన ఊరి టీ కొట్టు గుర్తొచ్చింది. పది గంటల బస్సుకు ఊరంతటికీ ఒకే పేపరు దిగేది. బల్లమీద కూర్చుని మాస్టారు పైకి చదివేవారు. వార్త నాలుగు ముక్కలు, వ్యాఖ్యానం నలభై. తనకు గిట్టని పార్టీ వార్త రాగానే దగ్గు తెర వచ్చేది, ఆ దగ్గులో పేజీ తిరిగిపోయేది. సాయంత్రానికి ఊళ్లో తిరిగేది పేపరు రాసిన వార్త కాదు, మాస్టారు చదివిన వార్త. ఇప్పుడా బల్ల మన కుటుంబం వాట్సాప్ గ్రూపు. మాస్టారెవరో నేను రాయను, ఈ ఉత్తరం మీ అత్తయ్య కూడా చదువుతుంది.

మెకోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో, ఓటెవరికో ఇంకా తేల్చుకోని 100 మందిని ముఖ్య సమస్యలేమిటని అడిగారు. మీడియా ఎక్కువగా మోసిన అంశాలతో ఆ జవాబులు దాదాపు సరిపోయాయి. దేన్ని ముఖ్యమనుకోవాలో మీడియా నేర్పుతుందనే ‘అజెండా సెట్టింగ్’ ఇదే. ఇది నువ్వే చేసి చూడవచ్చు. వారం రోజులు ఒక పత్రిక మొదటి పేజీలో ఏ సంగతికి ఎంత చోటిచ్చారో స్కేలు పెట్టి కొలువు. తర్వాత మెస్‌లో వంటవాళ్లను అడుగు. కొలతా జవాబులూ కలవకపోతే, ఎందుకో రెండు పేజీలు రాసి పంపు.

సందేశానికి అర్థం పంపినవాళ్ల చేతిలోనే ఉండదు, అందుకున్నవాళ్లూ తమ బతుకులోంచి చెప్పుకుంటారన్న స్టూవర్ట్ హాల్ దగ్గరికి వచ్చినప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంటను పక్కన పెట్టుకో. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు అక్షరాస్యత వాచకంలో సారా వల్ల చితికిన ఇంటి కథ చదివారు. అందులో తమ ఇళ్లే కనిపించాయి. పలకలు పక్కన పెట్టి సారా అమ్మకాలమీదికి వెళ్లారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది.

‘మాధ్యమమే సందేశం’ అన్న మెక్‌లూహన్‌ను మాత్రం చివరికి ఉంచు. మాటలు మహా రుచి, ఆధారం అడిగితేనే చిక్కు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ కొలతల నోటుపుస్తకం మరిచిపోకు.

ఇట్లు,
పెద్దనాన్న