గడ్డి రిపేర్ చేసే అబ్బాయిని టర్ఫ్ ఓనర్‌ని చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసై ఏడాదిగా హైదరాబాద్‌లో మా బావమరిది దగ్గర ఉంటున్నాడు. విల్లాల ముందు, మేడల మీద వేసిన ఆర్టిఫిషియల్ గడ్డి పాడైతే బాగుచేసే పని. ఇదే చేస్తానని కూర్చున్నాడు. మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ చేర్పించాలా, లేక ఆ లైనే ఇష్టమైతే అర ఎకరం అమ్మి బాక్స్ క్రికెట్ టర్ఫ్ (చుట్టూ నెట్లు కట్టి, ప్లాస్టిక్ గడ్డి పరిచి, ఆడేవాళ్లకు అద్దెకిచ్చే చిన్న గ్రౌండ్) పెట్టించాలా? రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, నల్గొండ జిల్లా)

జవాబు: అన్నా, మీరు రెండు దారులు రాశారు. మీవాడు అడుగుతున్న దారి ఆ రెండిట్లోనూ లేదు.

ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంది. ఏసీ రిపేర్ నేర్చుకుంటున్న కొడుక్కి షోరూం పెట్టించాలా అని ఒకరు, వంట నేర్చుకుంటున్న వాడికి హోటల్ పెట్టించాలా అని ఇంకొకరు. పైకి పెట్టుబడి గురించే అడుగుతారు, లోపలున్న బాధ మాత్రం 'మావాడు ఎవరింటి ముందో మోకాళ్ల మీద కూర్చుని గడ్డి అతికిస్తున్నాడని చుట్టాలకు ఎలా చెప్పుకోను' అన్నదే. ఓనర్ అంటే పరువు, రిపేర్ అంటే కూలి అని మీరే తేల్చేసుకున్నారు. కోపం తెచ్చుకోకండి గానీ, ఏడాదిలో ఒక్కసారైనా వాడు పనిచేసే చోటికి వెళ్లి చూశారా?

వెళ్తే తెలిసేది. కిటికీకి ఎదురుగా గడ్డి చారలాగా కరిగిపోయి ఉంటే, ఇంటివాళ్లు కుక్కనో పనిమనిషినో అనుమానిస్తారు. పని తెలిసిన కుర్రాడు తలెత్తి అద్దం వైపు చూస్తాడు. కొత్త ఇళ్లలో వేడి లోపలికి రాకుండా పెట్టే అద్దాలు ఎండను ఒకేచోటికి తిప్పికొడతాయి, ఈ గడ్డి పాలిథిలిన్, కరిగిపోతుంది. అద్దానికి బయట మెష్ కట్టకుండా ముక్క మారిస్తే వచ్చే ఎండాకాలానికి అదీ కరుగుతుంది. ఆ ముక్క వేయడం కూడా గుడ్డకు మాసిక వేసినంత తేలిక కాదు. వెనకవైపు నుంచి కుట్టు వరస చూసుకుని కోయాలి, పోచలు వాలిన దిక్కు కలవాలి, కింద టేప్ పరిచి జిగురు పట్టేదాకా బరువు పెట్టాలి, చివర్లో బ్రష్‌తో పోచలు లేపి ఇసుక నింపాలి. కొత్త రోల్‌లో ముక్క తెచ్చి పెడితే ఎండకు వెలిసిన పాతదానిలో మచ్చలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అందుకే చేయి తిరిగినవాడు కుండీల వెనక ఎవరూ చూడని మూలనుంచి పాత ముక్క కోసి ఇక్కడ అతికించి, కొత్తది ఆ మూలకు వేస్తాడు. దీనికి బుర్ర అక్కర్లేదంటారా?

ఇక బాక్స్ క్రికెట్. ఇప్పుడు ఎవర్ని కదిపినా ఇదే మాట, నాకు మాత్రం దీనిమీద చాలా అనుమానాలున్నాయి. ఆడేవాళ్లు వచ్చేది సాయంత్రం తర్వాతే, పగలంతా ఖాళీ, మన ఎండలకు ఆ ప్లాస్టిక్ మీద కాలు పెట్టలేరు. వానాకాలంలో బుకింగులు క్యాన్సిల్. రాత్రి పదకొండింటికి అరుపులు, లైట్లు ఉంటే పక్కింటివాళ్లు ఊరుకోరు. స్థలం అద్దె, కరెంటు బిల్లు, నెట్లు, ఇవేవీ బుకింగుల కోసం ఆగవు. పక్క వీధిలో కొత్త టర్ఫ్ లేచిన రోజు మీ రేటు మీరే తగ్గించుకోవాలి. బ్యాట్స్‌మన్ నిలబడేచోట, బౌలర్ కాలు పడేచోట గడ్డి ముందు పోతుంది, అప్పుడు ఓనర్ ఎవరికి ఫోన్ చేస్తాడనుకున్నారు? మీవాడికే. నడిచే ప్రతి టర్ఫూ వాడికి గిరాకీ, అలాంటప్పుడు భూమి అమ్మి అందులో ఒకదానికి ఓనర్ ఎందుకు కావాలి?

బీటెక్ గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసిందే. ఇష్టం లేనివాడికి డబ్బు కట్టి సీటు కొంటే బ్యాక్‌లాగ్‌లు కొన్నట్టే. మనసు మారితే ఈఏపీసెట్ వచ్చే ఏడాదైనా రాయొచ్చు, తలుపు మూసుకుపోలేదు.

అలాగని ఈ పనిలో కష్టం లేదనను. నడుము, మోకాళ్లు పోతాయి, పని నెలనెలా ఒకేలా ఉండదు, సిటీ దాటితే గిరాకీ తక్కువ. ప్లాస్టిక్ గడ్డి మీద వ్యతిరేకత కూడా ఉంది, లండన్ చెల్సీ ఫ్లవర్ షోలో 2022లో దాన్ని నిషేధించారు. కాబట్టి అసలు లాన్ పెంచడం, నీళ్లు పోయే వాలు చూడడం, మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ కూడా పట్టుకుంటే చాలాకాలం నిలబడతాడు. డిగ్రీ లేదన్న దిగులుంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీకాం కట్టించండి, పని మానక్కర్లేదు, లెక్కలు రాయడానికీ పనికొస్తుంది. ప్లాస్టిక్ గురించే లోతుగా చదువుతానంటే ఆ చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ హైదరాబాద్‌లోనే ఉంది, పదో తరగతి అర్హతతో మూడేళ్ల డిప్లొమాలున్నాయి. సొంతంగా మొదలుపెడతానంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం దగ్గర చేయించే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, కేంద్రం వాళ్ల ముద్ర అప్పుల పథకంలో శిశు లోన్ 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. కట్టర్, టేపు, జిగురు, బ్రష్, బండి మీద పట్టే సామాను, దానికి అర ఎకరం అమ్మాల్సిన పని లేదు.

టెన్షన్ పడకండి, మీవాడు దారి తప్పలేదు. మీరు నిజంగా అడగాల్సింది మీ బావమరిదిని. మేనల్లుడు కదా అని చేతి ఖర్చులిచ్చి సరిపెడుతున్నాడా, జీతం ఇస్తున్నాడా? కొలతలు తీయడం, ఎస్టిమేట్ రాయడం, కస్టమర్‌తో రేటు మాట్లాడడం వాడిచేత చేయిస్తున్నాడా? ఇవి నేర్పకుండా మోయడం, అతికించడమే చేయిస్తుంటే ఇంకొకరి దగ్గరకు మార్చండి. ఏ పనికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చైంది అని ఏడాదిపాటు వాడిచేతే పుస్తకంలో రాయించి, అది పట్టుకుని ఇద్దరూ కలిసి రండి, అప్పుడు అప్పు సంగతి, చదువు సంగతి కూర్చుని మాట్లాడదాం.