పరియాన్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, స్పెయిన్ పాలనలో ఉన్నప్పటి ఫిలిప్పీన్స్ మనీలా మీద నువ్వు రాసిన కథ మొత్తం చదివా. 1603 ఊచకోతతోనే మొదలెట్టేశావ్, మొదటి పేజీలోనే 20 వేల మంది దాకా చైనావాళ్లు చచ్చిపోయారు, కానీ అందులో ఒక్కడు కూడా నాకు తెలిసినోడు కాదు కదా, ఇంక ఏడుపెలా వస్తుంది చెప్పు. ముందు వాళ్లతో షాపు తెరిపించు, బేరాలాడించు.

1567లో చైనాని ఏలుతున్న మింగ్ సర్కారు సముద్ర వ్యాపారం మీద నిషేధం సడలించాక దక్షిణ చైనాలోని ఫుజియన్ తీరం నుంచి ఏటా పట్టు, పింగాణీ వేసుకుని ఓడలొచ్చేవి, అటు మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి గాలియన్ అనే పెద్ద స్పెయిన్ ఓడలో వెండి దిగేది, మనీలా బతుకంతా ఈ రెండిటి మీదే. స్పెయిన్ వాళ్లు ఈ చైనావాళ్లని సాంగ్లేలు అనేవాళ్లు, కోటగోడ బయట పరియాన్ అనే పేటలో ఉంచారు, అదీ ఎక్కడ, కోట ఫిరంగులకి అందేంత దగ్గర్లో! ఇదొక్కటి చూపించు చాలు, పరాయి పాలన దుర్మార్గం గురించి నువ్వు దంచిన ఆ రెండు పేజీల ఉపన్యాసం తీసిపారెయ్.

మనీలా బిషప్ సలజార్ 1590లో స్పెయిన్ రాజుకి రాసిన ఉత్తరం ఉంది, తప్పకుండా చదువు. మెక్సికో నుంచి పుస్తకాలు బైండింగ్ చేసేవాడొకడు మనీలా వచ్చి షాపు పెట్టాడట, పనికి చేరిన సాంగ్లే ఒకడు చూసి చూసి పని పట్టేసి బయటికెళ్లి సొంత షాపు పెట్టుకున్నాడు, గిరాకీ అంతా అతనికే పోయి చివరికి గురువు ఆ పనే మానుకోవాల్సొచ్చింది. నాకైతే నీ కథకి హీరో వీడే అనిపిస్తుంది. వాడి చేతులు రాయి, జిగురు, తోలు, సూది, వాడు ఓరకంట చూసి నేర్చుకునే తీరు రాయి. ఇంకోటి, మొదట్లో క్రైస్తవంలో చేరినోళ్లు జుట్టు కత్తిరించుకోవాల్సొచ్చేది, చైనాలో అప్పుడు మగాళ్లు కూడా కొప్పు పెట్టుకునేవాళ్లు, అది లేకుండా ఫుజియన్‌లో సొంతూరికి ఏ మొహంతో పోతాడు? అక్కడ కనీసం ఒక సీన్ ఆగు.

విలన్లని కూడా ఊరికే రాక్షసుల్ని చెయ్యకు. చంపినవాళ్లకి ఈ చైనావాళ్లంటే భయం, వీళ్లు లేకపోతే పూట గడవదు, రెండూ నిజమే. మనీలాలో జడ్జిగా చేసిన మోర్గా 1609లో అచ్చేసిన పుస్తకంలో ఆ 1603 ఊచకోత తర్వాత ఊళ్లో తినడానికి తిండి లేదు, ఎంత రేటు పెట్టినా తొడుక్కోడానికి బూట్లు లేవు అని రాశాడు.

ఊచకోత జరిగిన మరుసటేడు, 1604లో, చైనా ఓడలు మళ్లీ వచ్చాయి. నీ కథ శవాల దగ్గరే ఆగిపోయింది. ఆ ఓడ దిగినోడు అన్నీ తెలిసే ఎందుకొచ్చాడు, ఇంట్లో ఏం చెప్పి బయల్దేరాడు? ముందు ఆ చాప్టర్ రాసి పంపు.