తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంటే పదేళ్ల బాండ్లు ఎందుకు?

ప్రశ్న: ఒక పెద్ద బ్యాంకు వార్షిక నివేదిక చదివాను. డిపాజిట్లు కాక, మూడు నెలల కమర్షియల్ పేపర్ (హామీ లేని స్వల్పకాలిక అప్పుపత్రం) మొదలు పదేళ్ల బాండ్ల దాకా రకరకాల అప్పులున్నాయి. గడువు తక్కువైతే సాధారణంగా వడ్డీ కూడా తక్కువే కదా, మొత్తం అలాగే తెచ్చుకోవచ్చుగా? – ఒక పాఠకురాలు

జవాబు: మామూలు రోజుల్లో మీ లెక్క సరైనదేనమ్మా. బ్యాంకుకు నిధులు సమకూర్చే ట్రెజరీ విభాగంలో ఉన్నప్పుడు నన్నూ పైవాళ్లు ఇదే అడిగేవారు. గడువుల పట్టిక వాళ్ల ముందు పెట్టేదాన్ని. ఫలానా వారం ఇంత తీర్చాలి, ఆ వారం కొత్తగా ఎవరూ ఇవ్వకపోతే? మూడు నెలల అప్పంటే ఏడాదికి నాలుగుసార్లు మార్కెట్ ముందు నిలబడాలి.

ఒక్కో అప్పు వెనక ఒక్కో తరహా మదుపరి ఉంటాడు. కమర్షియల్ పేపర్ ఎక్కువగా స్వల్పకాలిక అప్పుల్లో మదుపు చేసే మనీ మార్కెట్ ఫండ్లు కొంటాయి, భయం పుడితే ముందు తప్పుకునేదీ అవే. గృహరుణాలు హామీగా ఉండే కవర్డ్ బాండ్లను బీమా సంస్థలు, పింఛను నిధుల వంటివి ఏళ్ల తరబడి ఉంచుకుంటాయి. నష్టాలను తట్టుకునే మూలధనంగా లెక్కకొచ్చే టైర్ 2 బాండ్లకు కనీసం ఐదేళ్ల గడువుండాలి. చివరి ఐదేళ్లలో ఆ లెక్క ఏటా 20 శాతం చొప్పున తరిగిపోతుంది కాబట్టి కొత్తవి ముందే జారీ చేయాల్సొస్తుంది.

అయితే రకాలు ఎక్కువుంటే చాలదని నా గట్టి నమ్మకం. బ్రిటన్‌లోని నార్తర్న్ రాక్ బ్యాంకునే చూడండి. సెక్యూరిటైజేషన్ (గృహరుణాలను మూటగట్టి మదుపరులకు అమ్మడం), కవర్డ్ బాండ్లు, స్వల్పకాలిక అప్పులు అన్నీ ఉన్నాయి. కానీ 2007 వేసవికి సామాన్య ఖాతాదారుల డిపాజిట్లు దాని నిధుల్లో నాలుగో వంతు కూడా లేవు. పేర్లు వేరైనా అప్పులన్నిటికీ ఆధారం గృహరుణాల మీద మదుపరులకున్న నమ్మకమే. ఆగస్టులో అది సడలగానే దారులన్నీ కలిసే మూసుకుపోయాయి. సెప్టెంబరులో ఖాతాదారులు శాఖల ముందు బారులు తీరారు. 2008 ఫిబ్రవరిలో ప్రభుత్వం బ్యాంకును జాతీయం చేసింది.

ఆ ప్రపంచ ఆర్థిక సంక్షోభం తర్వాత వచ్చిన అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనలైన బాసెల్ 3లో, నిలకడైన నిధులు సరిపడా ఉన్నాయా అని చూసే నికర స్థిర నిధుల నిష్పత్తి నాకు బాగా నచ్చుతుంది. ఏడాదికి మించి గడువు మిగిలిన అప్పును అది పూర్తిగా లెక్కలోకి తీసుకుంటుంది. ఆర్థిక సంస్థల దగ్గర తెచ్చిన ఆరు నెలల లోపు అప్పుకు విలువ సున్నా! పదేళ్ల బాండైనా ఆఖరి ఆరు నెలల్లోకి వచ్చేసరికి ఆ లెక్కలోంచి జారిపోతుంది.

మీ దగ్గరున్న నివేదికలో మిగిలిన గడువుల పట్టిక వెతకండి. ఏడాదిలోపు తీర్చాల్సిన మార్కెట్ అప్పును, బ్యాంకు చేతిలో ఉన్న నగదు, ప్రభుత్వ సెక్యూరిటీలతో పోల్చండి. డాలర్లలో తెచ్చిన అప్పును మాత్రం విడిగా చూడండి. అవసరానికి డాలర్లను ఇచ్చేది సొంత దేశపు కేంద్ర బ్యాంకు కాకపోవచ్చు.